నాలుగో బోల్టు

"పెన్ ఇటివ్వు," అన్నాను.

"ఇవ్వను. ఊరు చూడ్డానికి వస్తానంటేనే ఇస్తాను," అంది తుఫాను.

అది శుక్రవారం పొద్దున. షెడ్‌లో రేసు బైకు ముందు చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాను. ముందు బ్రేకుకి బోల్టులు నాలుగు. ఒక్కొక్కటీ రెంచ్‌తో బిగించాలి. సరిగ్గా బిగిసిందంటే రెంచ్ టక్కుమంటుంది. వెంటనే బోల్టు మీంచి పక్కకి పసుప్పచ్చ పెయింట్ పెన్‌తో గీత గీయాలి. గీత ఉందంటే బిగించినట్టు, గీత విరిగిందంటే బోల్టు కదిలినట్టు. నాకు పని నేర్పిన మేస్త్రీ "మనిషి మాట నమ్మకురా, గీత నమ్ము" అనేవాడు.

మూడు గీతలు పడ్డాయి. నాలుగోది పడేలోపు ఈ మహాతల్లి వచ్చి పెన్ లాక్కుంది.

ఈమె మా టీమ్ రేసర్. ఓనరు ఆమె బాబాయ్. షెడ్‌లో అందరూ ఆమెని తుఫాను అంటారు, నన్ను స్పానర్ అంటారు. మూడేళ్ళుగా ఆమె బండి నేనే చూస్తున్నాను. మూడేళ్ళుగా ఆమెనీ చూస్తున్నాను. అదే వచ్చిన తంటా.

"రేపు క్వాలిఫయింగ్ పెట్టుకుని ఈ షికార్లేంటి?"

"ఎన్ని ఊళ్ళు తిరిగాం స్పానర్! షెడ్డూ, ట్రాకూ, హోటల్ గదీ తప్ప ఏం చూశాం? ఇక్కడ సముద్రం ఉందిట."

"ఉందిట ఏంటి, గోడ అవతలే ఉంది. వాసన రావట్లా?"

"వాసన చాలదు నాకు. లేస్తావా, జుట్టు పట్టుకుని లాక్కెళ్ళమంటావా?"

లేచాను. లేవనని ఎప్పుడన్నాను గనక!

ముందు లైట్‌హౌస్‌కి వెళ్ళాం. గేటు దగ్గర పెద్దాయన మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "ఆలుమగలకి ఒకటే టికెట్టు" అన్నాడు.

"అయ్యో, మేం..." అని నేను నసుగుతుంటే తుఫాను టికెట్టు అందుకుంది.

"సగానికి సగం తగ్గుతుంటే నీకేం బాధ? పైదాకా మొగుడిలా నడువు."

మెట్లు ఎక్కుతుంటే నా కాళ్ళు తేలిపోయాయి. పైన గాలికి ఆమె జుట్టంతా నా మొహం మీదే. కింద పడవలు, ఆరేసిన వలలు, సముద్రం పక్కనే మెలికలు తిరుగుతూ తారు రోడ్డు.

"అబ్బ, ఆ మలుపు చూశావా! థర్డ్ గేర్‌లో తీసుకోవచ్చు."

"సముద్రం చూడ్డానికి వచ్చావా, రోడ్డు చూడ్డానికా?"

"నువ్వు మాత్రం? వచ్చిన దగ్గర్నుంచీ నన్నే చూస్తున్నావ్."

గబుక్కున రోడ్డు వైపు తిరిగాను. "నీ హెల్మెట్ పట్టీ సైజు ఆలోచిస్తున్నా," అన్నాను. నా మొహంలా ఉంది అబద్ధం.

రేవు దగ్గరికి దిగేసరికి వాన అందుకుంది. తాళ్ళూ వలలూ అమ్మే కొట్టు ముందు రేకు కింద దూరాం. ఇద్దరికి సరిపోయే చోటు కాదు. ఆమె భుజం నా భుజానికి తగులుతోంది. వాన తగ్గొద్దని మొక్కుకున్నాను.

"స్పానర్, ఒకటి చెప్పాలి. రేపు పెద్ద టీమ్ మేనేజర్ వస్తున్నాడు. నా ల్యాప్ చూడ్డానికే. నచ్చితే సోమవారం వాళ్ళతో వెళ్ళిపోవాలి. రెండేళ్ళు."

"మరి నేను?"

"వాళ్ళ మెకానిక్కులు వాళ్ళకుంటారు."

జేబులోంచి గుడ్డ తీసి, తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాను.

"నువ్వేమంటావ్?" అంది. ఎప్పుడూ ఎగతాళి చేసే కళ్ళు, ఎగతాళి లేకుండా నా మొహం మీదే నిలబడ్డాయి.

మూడేళ్ళుగా నోట్లో నానుతున్న మాట. అడిగి మరీ చెప్పించుకుంటోంది. చెప్తే ఆగిపోతుందేమో, ఆగిపోతే ఆమె బతుకు నా వల్ల పాడవుతుందేమో. ఆ క్షణంలో నేనో పెద్ద త్యాగమూర్తిని అయిపోయాను.

"మంచి ఛాన్స్ కదా. వదులుకోకు."

"అంతేనా?"

"అంతే. పద, చైన్‌కి ఆయిల్ పెట్టాలి."

పెన్ తీసి నా జేబులో కుక్కి, వానలోనే నడిచి వెళ్ళిపోయింది.

షెడ్‌కి వచ్చి నాలుగో బోల్టు మీద గీత గీశాను. చెయ్యి గీసింది. మనసు ఆ రేకు కిందే ఉంది.

శనివారం. ఒక్కొక్కరికీ ట్రాకు చుట్టూ ఒకే ల్యాప్, దాని టైమ్‌ని బట్టే రేసులో చోటు. వంతు తప్పితే ఆదివారం రేసులో అందరికన్నా వెనక నిలబడాలి. మేనేజర్ పుస్తకం పట్టుకుని గోడ దగ్గరున్నాడు. తుఫాను హెల్మెట్ పెట్టుకుంది. నేను వంగి చివరిసారి చూసుకున్నాను. గీతలు నాలుగూ ఉన్నాయి.

నాలుగో బోల్టు బిగించానా?

గీత నేనే గీశాను. కానీ రెంచ్ టక్కుమనడం విన్నానా? ఎంత తవ్వుకున్నా ఆమె పెన్ లాక్కుంటూ నవ్విన నవ్వే గుర్తొస్తోంది. అనుమానం పెనుభూతం అంటారు. ఆ బోల్టు ఊడితే ఆ వేగంలో మనిషి దక్కదు.

మా వంతు జెండా లేచింది. బండికి అడ్డంగా నిలబడ్డాను.

"తప్పుకో!" అని హెల్మెట్ లోంచి అరిచింది.

"దిగు. బోల్టు చూడాలి."

"ఒరేయ్! నీకేమైనా మతిపోయిందా!" అని బాబాయ్ పరిగెత్తుకొచ్చాడు.

రెంచ్ పెట్టాను. టక్. బోల్టు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. బిగిసే ఉంది.

తలెత్తేసరికి జెండా దించేశారు. తర్వాతి బండి వెళ్ళిపోయింది. మేనేజర్ పుస్తకం మూసేసి కారు వైపు నడిచాడు.

"అనుమానమొస్తే బండి ఆపడం మెకానిక్ పనేరా, కాదనను," అన్నాడు బాబాయ్ నీరసంగా. "అనుమానమొచ్చేలా పనిచెయ్యడం కాదు. సోమవారం నుంచి రావొద్దు."

టైర్ల వెనక కూర్చున్నాను. చచ్చిపోవాలనిపించింది. కాసేపటికి తుఫాను వచ్చి ఎదురుగా నిలబడింది.

"మూడేళ్ళలో ఒక్క బోల్టు మర్చిపోలేదు నువ్వు. దీన్ని బిగించావో లేదో ఎలా మర్చిపోయావ్?"

ఇంక దాచడానికి ఏం మిగిలింది? "నీ గురించి ఆలోచిస్తూ. నువ్వంటే ప్రాణం నాకు. మొదటి రోజు నుంచీ."

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఏడ్చింది.

"నిన్న వానలో అడిగాను కదరా! అప్పుడేమైంది ఈ నోరు?"

"చెప్తే ఆగిపోతావేమోనని..."

"ఆగేదాన్ని కాదు. వెళ్ళేదాన్ని. నాకూ ఒకడున్నాడనుకుంటూ వెళ్ళేదాన్ని. ఇప్పుడు వెళ్ళడమూ లేదు..." హెల్మెట్ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం. ఇరవై నాలుగు బళ్ళలో ఆమెది ఇరవై నాలుగోది. నిన్నటి నుంచి నాతో మాట్లాడలేదు. నాలుగు బోల్టులూ ఆమె ఎదురుగానే మళ్ళీ చూశాను. టక్, టక్, టక్, టక్.

"పెన్ ఇటివ్వు," అంది.

ఇచ్చాను. గ్లవ్ తీసేసి, నా మణికట్టు పక్కన తన మణికట్టు ఆనించి, రెండిటి మీదుగా ఒకటే గీత గీసింది.

"కోపం పోలేదు. ఎప్పుడు పోతుందో నాకే తెలీదు. రేసయ్యాక వచ్చి కలిపి చూస్తాను. అప్పటిదాకా కదలకు."

గ్లవ్ తొడుక్కుంది. సైరన్ మోగింది. మెకానిక్కులందరం గోడ దగ్గరికి వచ్చేశాం. సగం గీత నా దగ్గర, సగం ఆమెతో.

చినుకులు మొదలయ్యాయి. చెయ్యి చూసుకున్నాను. ఆ పెయింట్ వానకి పోదు, అందుకే దాన్ని వాడతాం. ఎర్ర లైట్లు ఆరిపోయాయి, రేసు మొదలైంది.