గేటు పడ్డ రోజు

"రొట్టెల పిండి పిసికే పళ్లెంల డీజిల్ పోస్తవారా? కండ్లు కనబడ్తలెవ్వా?"

వాకిట్లో గొంతుక్కూర్చున్న ఆతిఫ్ తలెత్తకుండానే తల్లికి జవాబిచ్చాడు. "జర ఆగమ్మీ. తుప్పు పట్టిన బోల్టులు నానబెట్టిన. సబ్బుతోని తోమితే పోతది."

"డీజిల్ కంపు సబ్బుకు పోతదా? ఇగ మీదట రొట్టెలు నీ ఇంజనుకే పెట్టుకో!"

"పెడ్త తీ. కొత్తది తక్కువనే తింటది, దీని లెక్క కాదు."

కోడలు రూహీ కిసుక్కున నవ్వింది. సుల్తానా బేగం నవ్వలేదు. పళ్లెం కోసం ఇంత గొంతు చించుకోనక్కర లేదని ఆమెకూ తెలుసు. కానీ పొద్దున్నుంచీ ఏదో ఒకదాని మీద అరవాలనే ఉంది.

వేపచెట్టు నీడలో పాత ట్రాక్టరు నిలబడి ఉంది. అది ఆమె భర్త ఖాజా మొహినుద్దీన్ కొన్నది. ఆయన పోయి రెండేళ్లు దాటింది. ఇంజను పొగ కక్కుతోంది, ఆయిలు తాగుతోంది. పార్టులు ఎక్కడా దొరకడం లేదు. మిరుగం కార్తె తొలి వానలకు ముందే దాన్ని దించేసి, ఓ పాత జీపు డీజిల్ ఇంజను ఎక్కించాలని ఆతిఫ్ అన్నీ సిద్ధం చేసుకున్నాడు. ఆ మధ్యాహ్నమే మెకానిక్ మొగిలయ్య వరంగల్ నుంచి ఇంజను తెస్తున్నాడు.

కొడుకు చేసేదాంట్లో తప్పు లేదు. కానీ సుల్తానాకు ఎవరికీ చెప్పుకోలేని సంగతి ఒకటుంది. వాళ్ల పొలం నెక్కొండ రైల్వే గేటు అవతల. ట్రాక్టరు గేటు దగ్గరికి రాగానే దాని డుబుడుబు ఇంటికి వినిపిస్తుంది. ముప్పై ఏళ్లు ఆ చప్పుడు విన్నాకే ఆమె పొయ్యి మీద పెనం పెట్టింది. ఆయన వాకిట్లో దిగేసరికి మొదటి రొట్టె పొంగుతూ ఉండేది. ఇప్పుడు నడిపేది కొడుకు. అయినా చప్పుడు మొదలైన దగ్గర్నుంచి, బండి మలుపు తిరిగి సీటు మీది మనిషి కనబడేదాకా రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలూ వస్తున్నది ఆయనే. గూడ్సు బండి వచ్చి గేటు పడిందా, ట్రాక్టరు అవతలే ఆగి డుబుడుబుమంటుంటుంది. అప్పుడు రెండు నిమిషాలు కాస్తా ఐదవుతాయి.

కొత్త ఇంజనుకు ఆ చప్పుడు రాదు.

మధ్యాహ్నం జీపు ఇంజను వాకిట్లోకి వచ్చి దిగింది. మొగిలయ్య చేతులు తుడుచుకుంటూ అడిగాడు. "ప్లేటు తే తమ్మీ, ఒకసారి పెట్టి సూద్దాం."

జీపు ఇంజనుకూ ట్రాక్టరు గేరుబాక్సుకూ బోల్టుల రంధ్రాలు కలవవు. రెంటికీ మధ్య కూర్చోవడానికి మందపాటి ఇనుప ప్లేటు ఒకటి లేతు మిషను మీద చేయించి, ఆతిఫ్ మొన్న అరుగు మీద పెట్టాడు. ఇప్పుడక్కడ లేదు. ఇల్లంతా వెతికి, వచ్చి రూహీ ముందు నిలబడ్డాడు.

"నిన్న పాత ఇనుప సామానోడు వచ్చిండు గదా. ప్లేటు గూడ ఏసినవా? ఉల్లిగడ్డలకు?"

"పలిగిన బకెటు, రెండు రేకు డబ్బాలిచ్చిన. నీ ప్లేటు నేను ముట్టలే."

"మరి కాళ్లొచ్చి నడిసిపోయిందా? నెల రోజులు తిరిగి చేయించిన. మనిషికి జర సోయుండాలె!"

"ప్లేటు లేకుంటే ఎట్ల తమ్మీ, రెండిటిని తాడుతోని కట్టాల్నా?" అని మొగిలయ్య నవ్వించబోయాడు. ఎవరూ నవ్వలేదు.

రూహీ కళ్లు నిండాయి. "ఈ ఇంట్ల ఏది పోయినా నా మీదికే. నేను మా అమ్మగారింటికి పోత. నువ్వూ నీ ఇంజనూ మంచిగుండుర్రి."

సుల్తానా ఇంక నిలబడలేకపోయింది. లోపలికి వెళ్లి దుప్పట్ల పెట్టె తెరిచి, అడుగున చీరలో చుట్టి ఉన్న ప్లేటును రెండు చేతులా లాగింది. గడప దాకా ఈడ్చుకొచ్చేసరికి ఆయాసం వచ్చింది.

"కోడల్ని అనకురా. దొంగను నేను."

ఆతిఫ్ వంగి ప్లేటు అందుకున్నాడు. "ఎందుకమ్మీ?" అన్నాడు.

"బండి గేటు కాడికి రాంగనే మీ అబ్బా వస్తున్నట్టే ఉంటది బేటా. రెండు నిమిషాలే. అది గూడ పోతదని..."

రూహీ చున్నీతో ముఖం తుడుచుకుంది. "నాకెరుకే అత్తమ్మా. గేటు పడ్డ రోజు మొదటి రొట్టె మాడుతది. పెనం మీద ఏసి గూడ మీరు రోడ్డు దిక్కే సూస్తరు."

ఆ మాడిన రొట్టెలు కోళ్లకు పోతున్నాయనే సుల్తానా ఇన్నాళ్లూ అనుకుంది. "అవేం జేస్తానవ్?" అంది మెల్లగా.

"నేనే తింటాన. మామ కోసం మీరు ఏసిన రొట్టె గదా. కోళ్లకెట్ల ఏస్త?"

సుల్తానా కోడలి చేయి పట్టుకుని ఏడ్చింది. కాసేపటి క్రితం తన దొంగతనానికి మాటలు పడ్డదీ ఈ పిల్లే.

అరుగు మీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి భోజనాలకు కూర్చున్నారు. మొగిలయ్యనూ కూర్చోబెట్టారు. మూడుసార్లు తోమిన పళ్లెంలోనే పిండి పిసికారేమో, రొట్టెకు ఇంకా సన్నగా డీజిల్ వాసన. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

"ఇంజను వాపస్ పంపుత అమ్మీ," అన్నాడు ఆతిఫ్, ముద్ద నోట్లో పెట్టకుండానే. "ఈ ఏడు దీంతోనే ఎట్లనో గుంజుకొస్త."

సుల్తానా అతని చేతి వంక చూసింది. మొన్న దారిలో బండి ఆగిపోయినప్పుడు రేడియేటరు ఆవిరి కొట్టిన మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. ఆయనుంటే కొడుకు చేయి అట్లా కాలనిచ్చేవాడు కాదు.

"వాపస్ వద్దు," అంది. అందరూ తలెత్తారు. "రేపు ఎక్కించుర్రి. పాతది విప్పే ముందట ఒక్కసారి గేటు దాక పోయొద్దాం. నేను గూడ వస్త, మడ్గార్డు మీద కూసుంట. గేటు పడితే గూడ్సు పోయేదాక ఆగుదాం."

పొంగిన రొట్టె ఒకటి తీసి రూహీ పళ్లెంలో వేసింది.

"రేపు రొట్టెలు నువ్వు చెయ్యి బిడ్డా. పెనం ఎప్పుడు పెట్టాల్నో నీకెరుకే గదా."