పుల్లటి వాసన వేసే డ్రమ్ము

వానలు మొదలయ్యాక హమమత్సు ఊళ్ళో గొడుగు లేకుండా బయటికి వచ్చేవాడు పిచ్చివాడైనా అయి ఉండాలి, కష్టంలోనైనా ఉండాలి. ఆ ఉదయం ప్రైవేట్ డిటెక్టివ్ కుజుమి రిత్సు ఆఫీసు తలుపు తోసుకొచ్చిన పెద్దమనిషి రెండో రకం. మనిషి తడిసి ముద్దయ్యాడు. చేతిలోని కవరును మాత్రం ప్లాస్టిక్ సంచిలో భద్రంగా పెట్టుకున్నాడు.

"నా పేరు ససాకురా అండీ. తొరినామి డ్రమ్స్ కంపెనీలో ప్రదర్శన గది చూసుకుంటాను. ఇది నా రాజీనామా. మధ్యాహ్నం వేడుకలోపు డ్రమ్ము దొరక్కపోతే ఇచ్చేసి వెళ్ళిపోతాను."

రిత్సు యాభై దాటిన మనిషి. కంగారు ఆవిడ ఇంటావంటా లేదు. ఆవిడ సహాయకుడు మోరిగుచి ఒకప్పటి టాక్సీ డ్రైవరు. ఆవిడ తుమ్మినా అందులో ఏదో ఆచూకీ ఉంటుందని అతని నమ్మకం. అతను తువ్వాలు అందించాడు, ఆవిడ టీ కప్పు జరిపింది.

"రాజీనామా ఎవరైనా అడిగారా?"

"ఎవరూ అడగలేదండీ. నా గదిలో వస్తువు పోయాక నేనెలా ఉంటాను?"

ముప్పయ్యేళ్ళ కిందట కుర్రకారుకి గిటార్ల పిచ్చి పట్టిన రోజుల్లో, బీరువాలు చేసుకునే తొరినామి తొషికిచి పెరట్లో కూర్చుని తన మొదటి డ్రమ్ సెట్ తయారు చేశాడు. అందులోని స్నేర్ అనే చిన్న డ్రమ్మే కంపెనీకి ప్రాణం. ఒకే పలకను ఆవిరి పట్టి వంచి, ఒకే అతుకుతో చేసిన చట్రమని పేరు. ఆనాటి నుంచి కంపెనీ ప్రకటనలన్నీ 'ఒకే పలక, ఒకే అతుకు' అనే చెబుతున్నాయి. తొషికిచి పోయి చాలాకాలమైంది, ఇప్పుడు కొడుకు యోషిహికో యజమాని. ఇవాళ ముప్పయ్యో వార్షికోత్సవం. పేరు మోసిన డ్రమ్మర్ గొందా ఆ డ్రమ్ము వాయించాలి. తెల్లారేసరికి అది మాయం.

"గది తాళంచెవి?"

"ఆఫీసులో మేకుకి వేలాడుతుంది. అందరికీ తెలుసు."

"డ్రమ్ము సంగతి చెప్పండి. మీకు తెలిసిందంతా."

ససాకురా ముఖం వెలిగింది. "అడుగున తీగలుంటాయి కదండీ, జరజరలాడేవి. వాయించనప్పుడు అందరూ వదులు చేస్తారు. మా దగ్గర మాత్రం బిగించే ఉంచాలి. 'డ్రమ్ము నిద్రపోకూడదు' అని పెద్దాయన పెట్టిన నియమం. కంపెనీలో అందరికీ అదే అలవాటు." తర్వాత గొంతు తగ్గించాడు. "ఇంకోటండీ. వానాకాలంలో అది పుల్లటి వాసన వేస్తుంది. ఎంత తుడిచినా పోదు. నేను సరిగ్గా చూసుకోవట్లేదేమోనని దిగులు."

"మోరిగుచి, కారు తియ్యి," అంది రిత్సు.

ప్రదర్శన గదిలో ఏదీ చెదరలేదు. వెలితి గది బయట బాత్రూము దగ్గర కనబడింది. గుమ్మం ముందు లోపల తిరిగే చెప్పుల జత ఒకటి పడి ఉంది. బాత్రూములోకి వెళ్ళేటప్పుడు మార్చుకునే, అక్కడే విడిచి రావలసిన చెప్పులు మాత్రం లేవు.

"రాత్రి తాళాలు చూడ్డానికి వచ్చారా?" రిత్సు అడిగింది.

"వచ్చానండీ. బాత్రూములో దీపం లేదు గానీ తలుపు వేసి ఉంది. తట్టడం మర్యాద కాదని వెళ్ళిపోయాను."

"మర్యాద దొంగకి చుట్టమైంది," అని మోరిగుచి గొణిగాడు.

గొందా హాల్లో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. "నేనే తీశానని అనుమానమా? దాన్ని అమ్మమని పదిసార్లు అడిగిన మాట నిజం. అయినా వాయించడానికి పిలిచినప్పుడు దొంగతనమెందుకు? రాత్రంతా హోటల్లో కంపెనీ వాళ్ళతోనే తాగుతున్నాను. పైతోలు పాతబడింది, వేదిక మీదే మారుస్తానని నిన్న ఫోన్ చేస్తే యోషిహికో గారు వద్దంటే వద్దన్నారు. అదే నాకు అర్థం కాలేదు."

యోషిహికో తేలు కుట్టిన దొంగలా బిగుసుకుని ఉన్నాడు. "పోలీసులొద్దు. పరువు పోతుంది. ససాకురా తప్పు లేదని నేనే చెబుతాను, వేడుక అవనివ్వండి."

"ఆయన రాజీనామా రాసుకొచ్చారు, తెలుసా?"

యోషిహికో ముఖం పాలిపోయింది. "రాజీనామానా? ఎందుకు?"

ఫ్యాక్టరీని ఆనుకునే వాళ్ళ ఇల్లు. మధ్యలో చిన్న నడవా. వంటింట్లో తొషికిచి భార్య కికుఎ మోకాళ్ళ మీద కూర్చుని నేల తోముతోంది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి పట్టుదలకి నేల భయపడి మెరుస్తోంది.

"పొద్దున లేచేసరికి ఈ గుమ్మంలో బాత్రూమ్ చెప్పులు! వేడుకకి వెనిగర్ అన్నం కలిపే వంటింట్లో! ఏ దరిద్రుడు విడిచాడో గానీ, దొరికితే ఆ చెప్పులతోనే వాయిస్తాను."

రిత్సు నవ్వు ఆపుకుని పైకి చూసింది. అటక మీద అన్నం కలిపే చెక్క తొట్టెలు శుభ్రంగా గుడ్డలు చుట్టి వరుసగా ఉన్నాయి.

"పాత తొట్టెలాండీ?"

"కొన్నవి. నా పుట్టింటి తొట్టె ఉండేది, దానికి ఇవేవీ దీటు రావు. పక్కింటావిడ ఎత్తుకుపోయింది. అప్పటి నుంచి దాంతో మాటల్లేవు."

రిత్సు అందరినీ ఆ వంటింటికే పిలిపించింది. మొదటి సెట్‌లోని పెద్ద డ్రమ్మును మోరిగుచి మోసుకొచ్చాడు.

"గొందా గారూ, ఒక్క దెబ్బ గట్టిగా."

ధమ్మని మోగింది. ఆ వెంటనే అటక మీద నుంచి 'జర్ర్ర్' అని సన్నగా బదులొచ్చింది. కికుఎ ఉలిక్కిపడి, "నా తొట్టెలకి ప్రాణమొచ్చిందేమిటి!" అంది.

"తొట్టె కాదండీ. పెద్ద డ్రమ్ము మోగితే స్నేర్ తీగలు ఊరుకోవు. వదులు చేసి ఉంటే నోరు మూసుకుని ఉండేవి. ఇంకెవరైనా దాచితే వదులు చేసేవారు. అలవాటుగా బిగించే ఉంచేది ఈ కంపెనీ మనిషే."

ససాకురా కవరును గుండెకి అదుముకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అసలు దొంగ నుదురు తుడుచుకుంటున్నాడు.

"రాత్రి ససాకురా గారి అడుగుల చప్పుడు వినగానే దొంగ బాత్రూములో దూరాడు. ఆ కంగారులో అక్కడి చెప్పులతోనే బయటపడి, ఈ గుమ్మంలో విడిచాడు. బయటివాడైతే వాటితోనే తిరిగి వెళ్ళేవాడు. విడిచి లోపలికి పోయి పడుకున్నాడంటే ఈ ఇంటివాడే. అమ్మగారు విడిస్తే నేల తోముతూ శాపనార్థాలు పెట్టరు. మిగిలింది మీరే, యోషిహికో గారూ. కంచే చేను మేసింది."

"ఒరేయ్!" అంది కికుఎ.

యోషిహికో అటక మీద తొట్టెల వెనకున్న గుడ్డమూట చూపించాడు. "తోలు మారుస్తానని ఫోనొచ్చాక భయమేసి మొదటిసారి విప్పి చూశాను. లోపల ఒకే పలక లేదు, అన్నీ బద్దలే. ముప్పయ్యేళ్ళుగా మనం చెప్పింది అబద్ధం. వేదిక మీద బయటపడితే కంపెనీ ఏమవుతుంది? దొంగ దొరకలేదని సరిపెట్టుకుంటారనుకున్నాను గానీ, ససాకురా వెళ్ళిపోతానంటాడని అనుకోలేదు."

మోరిగుచి మూట దించాడు. గొందా పైతోలు విప్పగానే గది నిండా పుల్లటి వాసన. కికుఎ లోపలికి తొంగి చూసి, ఒక బద్ద మీద కాలిన మచ్చను వేలితో తడిమింది.

"ఇది నా తొట్టె! అడుగు కోసేశాడు! మా ఆయనే కొట్టేసి, పాపం పక్కింటావిడ మీదకి తోశాడా?"

"అవునండీ. ఈ కేసులో దొంగలిద్దరు, తండ్రీ కొడుకులు," అంది రిత్సు. "తొట్టె కొలత డ్రమ్ముకి సరిగ్గా సరిపోయింది మరి. ఏళ్ళ తరబడి వెనిగర్ తాగిన చెక్క, వాన పడితే గుర్తు చేసుకుంటుంది."

ససాకురా గోడకి ఆనుకున్నాడు. "అయితే... నేను సరిగ్గా తుడవక కాదన్నమాట." ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారాయి. అది చూసి గొందా కూడా ముక్కు చీదాడు.

యోషిహికో ఆయన ముందు నుదురు నేలకి ఆనించాడు. "ఆ కవరు నాకివ్వండి, చింపేస్తాను. నన్ను క్షమించండి. ఇవాళ దీని చరిత్ర మీరే చెప్పండి. ఉన్నది ఉన్నట్టు."

మధ్యాహ్నం హాలు కిక్కిరిసింది. ముందు వరుసలో కికుఎ, పక్కన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన పక్కింటావిడ. ఏనాడూ వేదికెక్కని ససాకురా మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, అమ్మా. ఈ డ్రమ్ము ఒకే పలకతో చెయ్యలేదు. పెద్దాయన తన భార్య తొట్టె దొంగిలించి చేశారు."

యోషిహికో కళ్ళు మూసుకున్నాడు.

"ఇంకా తిరిగివ్వలేదు!" అని కికుఎ అరిచింది.

నవ్వులతో పైకప్పు అదిరింది. అవి ఆగకముందే గొందా వాయించడం మొదలుపెట్టాడు. ససాకురా వేదిక దిగడం మరిచిపోయి, అక్కడే నిలబడి చివరిదాకా విన్నాడు.