బతికున్నవాడి కన్నీటి అంజలి

కదిర్కామం పెద్దాసుపత్రి ఎదుట జ్యూస్ కొట్టు. సౌందరరాజన్ స్టూలు మీద కూలబడి, మోకాలు నిమురుకుంటూ, "నన్నారి షర్బత్. ఐసు వద్దు," అన్నాడు. అది కోడ్ వర్డ్.

"నిమ్మకాయ మటుకు రెండు చెక్కలు," అన్నాడు పక్క స్టూలు మీది ముసలాయన. ముక్కు మీద ప్లాస్టరు, చేతికి కట్టు. ఆ వేషంలో ఉన్నది గూఢచారి విభాగం చీఫ్ దేవరాజన్.

సౌందరరాజన్‌కు నవ్వు కూడా రాలేదు. ఇరవై ఏళ్ళకు పైగా మారువేషాలు వేసీ, చూసీ ప్రాణం విసిగిపోయింది. ఈసారి లీవు అడిగి తీరాలనుకున్నాడు. నోరు తెరిచేలోపే చీఫ్ మడిచిన ప్రింటవుట్ చేతిలో పెట్టాడు. ఇద్దరివీ తరాల కిందటే పుదుచ్చేరిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు. అందుకే రహస్యాలన్నీ ఇంటి భాషలోనే నడుస్తాయి.

ప్రింటవుట్‌లో ఫ్లెక్స్ బ్యానర్ డిజైను. కన్నీటి చుక్క ఆకారంలో ఒక పెద్దమనిషి ఫోటో. అంటే చావు బ్యానర్.

"ఎవురు సార్ పోయింది?"

"ఇంకా పోలేదప్పా. అశ్వత్థనారాయణ. నేవీకి సోనార్ చేసిచ్చిన సైంటిస్టు. రేపు ఢిల్లీలో ఫారిన్ గూఢచారి ముఠా మీద సాక్ష్యం చెప్పాల. ఈ పొద్దు సాయంత్రం ముదలియార్‌పేట మలుపులో ఈ బ్యానర్ లేస్తాది. షూటర్‌కు మన భాషలేవీ రావు. బొమ్మే సిగ్నల్. చుక్కయితే ఫైర్. హార్ట్ అయితే ప్లాన్ క్యాన్సిల్, పడవ దగ్గరికి వాపసు."

"ఇది దొంగ ఆర్డరని ఎట్ల పట్టినారు?"

"అడుగున చూడు. కట్టినోళ్ళ ఫోటోలు ఒక్కటీ లేవు. మన ఊళ్ళో తన మొహం వేసుకోకుండా ఎవుడైనా చావుకు బ్యానర్ కట్టినాడా?"

నిజమే. పోయినవాడి మీద ప్రేమ ఎంతున్నా, కట్టినవాడి ముఖం లేకుండా ఇక్కడ బ్యానర్ లేవదు. ఆ ఆచారం తెలియక ముఠా పప్పులో కాలేసింది.

"సారును ఇంట్లో కూర్చోమంటే పోలా?"

"చెప్పినా. నేనేమన్నా దొంగనా దాక్కునేదానికి అన్నాడు. సెక్యూరిటీని తరిమేసినాడు. పోనీ బ్యానర్ ఆపుదామంటే సుగంధి మీద అనుమానం వస్తాది, ఆ పిల్లను బతకనియ్యరు. బ్యానర్ లేవాల్సిందే. బొమ్మ మారాల."

సుగంధి డబుల్ ఏజెంట్. ముదలియార్‌పేట ఫ్లెక్స్ షాపులో ముఠా పెట్టిన డిజైనర్. ఆమె నవ్వుకు రెండు దేశాలు జీతమిస్తున్నాయని డిపార్ట్‌మెంట్‌లో జోకు. మధ్యాహ్నం సౌందరరాజన్ లుంగీ, తలగుడ్డతో బ్యానర్లు కట్టే మనిషిగా షాపులో అడుగుపెట్టేసరికి ఆ నవ్వు లేదు. నల్లకళ్ళద్దాలు తల మీదికి తోసి, గోళ్ళు కొరుక్కుంటోంది.

"ఆర్డరు లాక్ చేసినారన్నా. టియర్‌డ్రాప్ అనే ఫైలు తప్ప ఇంకోటి తీసుకోదు కంప్యూటర్ కోడు."

"ఆ కోడు చేసేదేంది? నాకు అర్థమయ్యేట్టు చెప్పమ్మా."

"మాస్కింగ్. కింద సారు ఫోటో, పైన ఇంకో బొమ్మ. ఆ బొమ్మలో తెలుపు యాడుంటే ఆడ ఫోటో కనపడతాది. నలుపున్న చోట మాయం."

సౌందరరాజన్ మోకాలు పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నాడు. "కోడు ఫైలు పేరు చూస్తాదా, లోపలి బొమ్మ చూస్తాదా?"

సుగంధి గోళ్ళు కొరకడం ఆపింది. "పేరే."

పెళ్ళి బ్యానర్ల ఫోల్డర్లోంచి హార్ట్ బొమ్మ తీసి, దానికి టియర్‌డ్రాప్ అని పేరు పెట్టింది. కింద కన్నీటి అంజలి అనే అక్షరాలు కూడా వేరే బొమ్మే. వాటినీ అలాగే పెళ్ళి శుభాకాంక్షలుగా మార్చింది. రన్ చేసింది.

తెర మీద అశ్వత్థనారాయణ గారి చెవులు, జుట్టు, చొక్కా కాలరు ఉన్నాయి. ముఖం ఉండాల్సిన చోట హార్ట్ ఆకారంలో పెద్ద బొక్క.

"హార్ట్ నల్లగా గీసి పెట్టినారు ఎవురో," అంది నీరసంగా. "తిరగెయ్యాల."

బొమ్మలోని ప్రతి పిక్సెల్ విలువనూ రెండువందల యాభై ఐదులోంచి తీసేసే చిన్న లూప్ రాసింది. నలుపు తెలుపైంది, తెలుపు నలుపైంది. మళ్ళీ రన్. హార్ట్ మధ్యలో పెద్దాయన నిండు ముఖం ప్రత్యక్షమైంది. ప్రింటర్ గుర్రుమంటూ కదిలింది. సౌందరరాజన్ బ్యానర్ చుట్టి భుజాన వేసుకున్నాడు.

సాయంత్రం మలుపులో సౌందరరాజన్ నిచ్చెనెక్కి బ్యానర్ కడుతున్నాడు. ఒక్కో మెట్టుకూ మోకాలు తిడుతోంది. ఎదురుగా టీ కొట్టు దగ్గర హెల్మెట్ పెట్టుకుని బైకు మీద కూర్చున్న మనిషి. వీధి చివర గొడుగు ఊపుకుంటూ రోజువారీ వాకింగుకు వస్తున్న అశ్వత్థనారాయణ.

ఎడమ పక్క తాడు చిక్కుపడింది. బ్యానర్ సగం మడతలోనే ఉండిపోయింది. సగం హార్ట్ మాత్రం కనబడుతోంది. సగం హార్ట్ అంటే అచ్చం కన్నీటి చుక్కే. షూటర్ చెయ్యి జాకెట్లోకి వెళ్ళింది. సౌందరరాజన్ లుంగీ మడతలోంచి సిగరెట్ లైటర్ తీసి మీట నొక్కాడు. నిప్పుకు బదులు సన్నటి బ్లేడు బయటికొచ్చింది. తాడు తెగింది. బ్యానర్ దభాలున పరుచుకుంది.

జాకెట్లోకి వెళ్ళిన చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది. బైకు తేంగాయితిట్టు చేపల రేవు వైపు తిరిగింది. అక్కడ పడవలో ముఠా అంతా ఎదురుచూస్తోంది. చేపల వేలంపాటలో ధర పెంచుతున్నవాళ్ళంతా కస్టమ్స్ మనుషులని వాళ్ళకు సంకెళ్ళు పడ్డాకగానీ తెలియలేదు. సుగంధికి వచ్చే రెండు జీతాల్లో ఒక దేశం జీతం ఆ పూటతో ఆగిపోయింది.

సౌందరరాజన్ ఇంటికి చేరి మోకాలికి నూనె రాసుకుంటుంటే ఫోను మోగింది.

"సారు ఢిల్లీ పొయ్యేముందు పోలీస్ స్టేషనుకు పోయినాడప్పా," అన్నాడు దేవరాజన్. "ఈ వయసులో నాకు రెండో పెళ్ళని బ్యానర్ కట్టినోణ్ణి పట్టుకోండి అని కంప్లయింటు. ఇంట్లో ఆయమ్మ అన్నం పెట్టలేదంట. పైనుంచి ఆర్డరొచ్చింది. ఎంక్వయిరీ నీకే వేసినా."

"దొరికితే వాడికేం శిక్ష సార్?"

"మన డిపార్ట్‌మెంట్ వాడైతే సస్పెన్షన్."

"ఎన్నాళ్ళు?"

"ఆరు నెలలు."

"పొద్దున్నే పట్టిస్తా," అని సౌందరరాజన్ దీపం ఆర్పి పడుకున్నాడు.