కొలతల పుస్తకంలో కుడి పేజీ

ఆ దర్జీ కొలతల పుస్తకంలో ఎడమ పేజీ బట్టలిచ్చినవాళ్లది, కుడి పేజీ ఆమెది. ఎడమ వైపు నడుము ముప్పై నాలుగు, భుజం పద్నాలుగు అంటూ అంకెలుంటాయి. కుడి వైపు కథ ఉంటుంది. ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు నాలుగు వాక్యాలు, బాబిన్‌కు దారం చుట్టుకునేలోపు మరో రెండు రాసేది. ఏకబిగిన రాసే తీరిక ఆమెకు ఏనాడూ దొరకలేదు. దొరికితే రాయగలిగేది కాదేమో కూడా.

వాటిని టైపు చేసి కథల సైట్లో పెట్టే పని కూతురిది. ప్రింటింగ్ షాపులో డిజైనరు కాబట్టి ముఖచిత్రం తనే చేస్తుంది, అర నిమిషం వీడియో తయారుచేస్తుంది, లింకు పది గ్రూపులకు పంపుతుంది. ఏళ్ల తరబడి సూదిపని చేసిన తల్లికి ఫోను తెర చూస్తే రెండు నిమిషాల్లో కళ్లవెంట నీళ్లు కారతాయి. అందుకని తన సీరియల్‌ను ఆమె సైట్లో ఒక్కసారి కూడా చదువుకోలేదు. సాయంత్రం కూతురు చెప్పులు విప్పకముందే, "ఎంతమంది చదివారే?" అని మాత్రం అడిగేది. మొదట్లో ఏడుగురు. పదమూడో భాగం నుంచి వందలు, ఇప్పుడు వేలు. ఆ అంకె వింటే చాలు, మర్నాడు ఆమె పెన్సిల్ తనంతట తనే కదిలేది.

"ఇంట్లో ఒకరు రాస్తారు, ఒకరు చాటింపు వేస్తారు. టీ ఎవరు పెడతారో మాత్రం ఏ భాగంలోనూ రాదు" అన్నాడు ఆ ఉదయం ఆమె భర్త, బస్సు డ్రైవరు, డ్యూటీకి బయల్దేరుతూ. తల్లీకూతుళ్లిద్దరూ నవ్వారు. కూతురు కూడా షాపుకు వెళ్లిపోయింది.

పది గంటలకు నర్సు వచ్చింది. యూనిఫాం నడుము దగ్గర బిగుతైందట.

"అక్కా, నిన్నటి భాగం బస్సులో చదువుతూ నా స్టాపు దాటిపోయాను."

"అంత బాగుందా?" నోట్లో గుండుసూదులు పెట్టుకునే అడిగింది దర్జీ.

"ఒళ్లు మండిపోయిందనుకోండి. ఆ చెల్లెలేం మనిషక్కా. కుళ్లుతో కావాలనే పెళ్లిగౌను పొట్టిగా కత్తిరిస్తుందా? అక్క చేత దానికి గట్టిగా బుద్ధి చెప్పించండి."

దర్జీ గుండుసూదుల్ని ఒక్కొక్కటే నోట్లోంచి తీసి డబ్బాలో వేసింది.

"ఎవరు కత్తిరించారన్నావు?"

"చెల్లెలే. మీరే రాశారుగా."

ఆమె అలా రాయలేదు. నర్సు చేత ఫోనులోంచి చదివించుకుని స్టూలు మీద కూర్చుని విన్నది. ముఖచిత్రం మీద ఆమె దుకాణం బోర్డుంది. మాటల్లో సగం ఆమెవే. మిగతా సగంలో చెల్లెలు దొంగచాటుగా కత్తెర తీసింది, మెటికలు విరిచింది, అక్క ఏడుస్తుంటే తలుపు చాటున నిలబడి నవ్వుకుంది. నర్సు ఎప్పుడు వెళ్లిందో, తను యూనిఫాంకు గుర్తులు పెట్టిందో లేదో కూడా దర్జీకి తర్వాత జ్ఞాపకం లేదు.

ఆ గదిలో రెండు మిషన్లున్నాయి. రెండోదాని మీద పదకొండేళ్లుగా దుప్పటి కప్పి ఉంది. అది ఆమె చెల్లెలిది. బక్కపలచని మనిషి కావడంతో ఇంట్లో అందరూ పిచ్చుక అనేవారు. పిచ్చుక ఈ మధ్య మధ్యాహ్నం భోజనం వేళ ఆ సైట్లో కథలు చదువుతోందని ఎవరో చెప్పగా విన్నది దర్జీ. ఎదురుగా చెప్పలేని మాట కథలో చెబుదామనే ఈ సీరియల్ మొదలుపెట్టింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

కూతురికి ఫోను చేసి ఇంటికి రమ్మంది. అరగంటలో వచ్చింది.

"నా కథ నువ్వు మార్చావా?"

కూతురు బ్యాగు దించలేదు. "కొంచెం మార్చానమ్మా."

"కొంచెమా? కంచే చేను మేస్తే కొంచెం మేసినట్టా? నేను చదువుకోలేనని కదే నీకంత ధైర్యం."

"ఏడుగురే చదువుతున్నారని చెప్పిన రోజు నీ మొహం చూశాను. రెండు రోజులు నువ్వు కుడి పేజీ ముట్టలేదు. రాయడం మానేస్తావని భయమేసింది. పదమూడో భాగంలో చెల్లెల్ని చెడ్డదాన్ని చేశాను. మర్నాటికి నాలుగొందల మంది వచ్చారు. నీకు అంకె చెబితే ఎంత నవ్వావో గుర్తుందా? ఆ తర్వాత వెనక్కెలా వెళ్లను?"

"నా కథ చంపేసి నన్ను నవ్వించావన్నమాట."

"అయినా నేనేం అబద్ధం రాయలేదమ్మా." కూతురి గొంతు పెరిగింది. "జరిగిందే రాశాను. గౌను పాడుచేసింది పిన్నే కదా. నువ్వే ఆ తప్పు అక్క మీద వేసుకుని రాస్తున్నావు. కథలో కూడా నువ్వే తగ్గాలా అని నాకు కోపమొచ్చింది."

దర్జీ మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టింది.

"పిన్ని పాడుచేసిందని నీకెవరు చెప్పారు?"

"నువ్వే. నాకప్పుడు పదేళ్లు."

నిజమే. చెప్పింది తనే. పిచ్చుక ఎందుకు వెళ్లిపోయిందని పిల్ల ఏడుస్తూ అడిగితే, నోటికొచ్చిన అబద్ధం చెప్పి ఊరుకోబెట్టింది. అది ఇన్నేళ్లు పిల్ల మనసులో నిజంగా పెరిగి పెద్దదై, ఇప్పుడు వేలమందికి చేరింది.

"కత్తిరించింది నేనే" అంది దర్జీ. "అప్పట్లో రెండు పేజీల్లోనూ కొలతలు రాసేదాన్ని. తొందరలో ఎడమ పేజీ బదులు కుడి పేజీ చూశాను. వేరే ఎవరివో కొలతలు. పెళ్లికూతురి తల్లి వచ్చి ఎవరు చేశారని అరిచింది. నేను మాట్లాడలేదు. పిచ్చుక వైపు చూశాను, అంతే. అది నా మొహం చూసి, నేనేనండీ అని ఒప్పుకుంది. సాయంత్రం తన కత్తెర తీసుకుని వెళ్లిపోయింది. అప్పట్నుంచి కుడి పేజీలో కొలతలు రాయడం మానేశాను."

కూతురు నెమ్మదిగా బ్యాగు దించి, దుప్పటి కప్పిన మిషను పక్కన కూర్చుంది.

"పోయినేడాది బజార్లో పిన్ని కనిపించి పలకరించబోయింది" అంది. "నేను మొహం తిప్పుకుని వెళ్లిపోయాను. నువ్వు నన్నెందుకలా చేశావమ్మా?"

తల్లి వెళ్లి కూతురి పక్కన నేల మీద కూర్చుంది. ఒకరినొకరు మోసం చేసుకున్నవాళ్లు ఒకే గోడకు ఆనుకున్నారు. కూతురు ఫోను తీసింది.

"మొదట్నుంచీ చదివిన ఏడుగురిలో ఒకరు పేరు పెట్టుకోలేదు. ప్రతి భాగానికీ మధ్యాహ్నం ఒంటిగంటకు ఒక పువ్వు బొమ్మ పెట్టేవారు. పన్నెండు దాకా పెట్టారు. పదమూడు నుంచి లేదు."

దర్జీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిచ్చుక వచ్చింది. పన్నెండు భాగాలు పక్కనే కూర్చుని విన్నది. పదమూడో భాగంలో, తన మీద మళ్లీ నింద పడటం చూసి వెళ్లిపోయింది.

ఆ రోజే కూతురు పదమూడు నుంచి అన్నీ తీసేసింది. ముఖచిత్రం లేదు, వీడియో లేదు. కుడి పేజీల్ని ఫోటోలు తీసి ఉన్నవి ఉన్నట్టు పెట్టింది, తల్లి దస్తూరీతో, కొట్టివేతలతో, సుద్ద మరకలతో. పైన ఒక్క వాక్యం తల్లి చేత రాయించింది: "గౌను కత్తిరించింది అక్కే. ఆ అక్కను నేనే."

పాఠకులు తిట్టిపోశారు. ఇదేం మలుపన్నారు, చేతిరాత చదవలేక చస్తున్నామన్నారు, మందలు మందలుగా వెళ్లిపోయారు. సాయంత్రాలు దర్జీ ఎంతమందని అడగడం మానేసింది. రాయడం మాత్రం మానలేదు. ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు నాలుగు వాక్యాలు, ఎప్పటిలాగే.

అయిదో రోజు మధ్యాహ్నం కూతురు షాపు నుంచి పరుగున వచ్చింది. రొప్పుతూ, కథ కింద కొత్తగా వచ్చిన వ్యాఖ్యను ఫోను చూసి చదివింది.

"ఆ గౌను నీలం కాదు, లేత పసుపు. అంచు మూడు రోజులు చేత్తో కుట్టాను. అది రాయలేదేం?"

దర్జీ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. పిచ్చుక తప్ప ఆ రంగు గుర్తున్నవాళ్లు లోకంలో ఎవరూ లేరు.

"ఏం జవాబు పెట్టనమ్మా?"

"నువ్వు పెట్టకు. ఇలా ఇవ్వు."

ఫోను తీసుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ చూపుడువేలితో కొట్టింది. కళ్లవెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. "లేత పసుపే. నేను మరిచిపోయాను. వచ్చి నువ్వే దిద్దు."

కూతురు లేచి రెండో మిషను మీది దుప్పటి తీసింది.