నాలుగు తొమ్మిదులు, ఒక నిద్రమొహం

మిట్టమధ్యాహ్నం, ముళ్లకంచె లోపల, ముగ్గురు మోకాళ్ల మీద వంగి గడ్డిలోకి చూస్తున్నారు. ఒకరు అమ్మ. ఒకరు పెద్దాఫీసు నుంచి వచ్చిన సైంటిస్టు మేడమ్. మూడోది తొందర. ఆరో తరగతి. అసలు పేరు వేరే ఉంది. కానీ కాళ్లు పెట్టకముందే బూటు లేసులు కట్టేసే పిల్లను ఇంట్లో ఇంకేమని పిలుస్తారు?

మేడమ్ వేలు ఒక మొలక దగ్గర ఆగింది. రెండే ఆకులు. చొక్కా గుండీ అంత ఉన్నాయి.

అమ్మ మొహం వెలిగిపోయింది. "నిద్రమొహం," అంది మెల్లగా, మొలక ఎక్కడ ఉలిక్కిపడుతుందో అన్నట్టు.

తొందర మాత్రం నేల చూపులు చూసింది. ఆ మొలక ఆమె గుండెలో ములుకులా దిగింది.

అమ్మ కొలువే కొలవడం. మైదానంలో మేకులు కొట్టి తాడు కట్టిన చదరాలు పది ఉన్నాయి. నెలకోసారి ఒక్కో చదరంలో ఏ మొక్కలు ఎన్ని ఉన్నాయో అమ్మ లెక్కపెడుతుంది. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు రెయిన్‌గేజ్‌లో ఎన్ని మిల్లీమీటర్ల నీళ్లున్నాయో చూసి, నీలం అట్ట పుస్తకంలో రాసి, నీళ్లు పారబోస్తుంది. అమ్మకు ముందు తాత ఈ పని చేసేవాడు. ఇద్దరివీ కలిపి ఇరవై ఆరేళ్ల పుస్తకాలు.

అవి తిరగేస్తే మైదానం కళ్ల ముందు మారిపోతుంది. వానలు బాగా పడ్డ ఏళ్లలో నడుమెత్తు గడ్డి. వానలు వరసగా మొహం చాటేసిన ఏళ్లలో గడ్డికి గడ్డుకాలం. అది ఖాళీ చేసిన చోట ముళ్లపొదలు ఒక్కొక్కటే వచ్చి కాళ్లు చాపుకున్నాయి. వాన ఎవరిని పిలిస్తే వాళ్లే ఇక్కడ కాపురం పెడతారు.

నిద్రమొహం మాత్రం మామూలు పిలుపుకు లేవదు. దాని విత్తనం మట్టిలో ఏళ్ల తరబడి పడుకుంటుంది. ఒక్క రోజులో పాతిక మిల్లీమీటర్లు దాటితేనే కళ్లు తెరుస్తుంది. చిన్న జల్లుకే లేచిందంటే, మర్నాటికి తాగడానికి నీళ్లుండవు మరి. ఆ పేరు పెట్టిందీ తాతే, ఆ పాతిక లెక్క కట్టిందీ తాతే. ఇన్నేళ్లలో అది లేచింది నాలుగు సార్లు.

మేడమ్ నీలం పుస్తకం తెరిచి, వేలు పెట్టి కిందికి చదివారు. తొమ్మిది. తొమ్మిది. తొమ్మిది. తొమ్మిది.

"పాతిక ఎక్కడా లేదే," అన్నారు. "తొమ్మిదికే లేచిందంటే, మీ నాన్నగారి లెక్క తప్పేనేమో."

అమ్మ మొహంలో వెలుగు ఆరిపోయింది. నాన్న లెక్క తప్పదు మేడమ్ అనబోయి, పుస్తకం వైపు చూసి ఊరుకుంది. మేడమ్ ఆ పేజీకి ఫోనులో ఫొటో తీసుకున్నారు. సాయంత్రానికి రిపోర్టు పంపేస్తానని, పాత పుస్తకాలన్నీ మళ్లీ మొదటి నుంచి సరిచూడాల్సి వస్తుందని చెప్పారు.

ఆ తొమ్మిదుల పుట్టుక తొందరకు ఒక్కదానికే తెలుసు.

మూడు వారాల కిందట అమ్మ ట్రైనింగుకు వెళ్లింది. నాన్న వంట చూసుకున్నాడు, తొందర వాన చూసుకుంది. అంటే, చూసుకోవాల్సింది. స్కూల్లో స్కిప్పింగ్ పోటీ ఉంది. ఉదయం ప్రాక్టీసు. స్కిప్పింగ్ కోసం మూడు రోజులు రెయిన్‌గేజ్‌నే స్కిప్ చేసేసింది. నాలుగో రోజు వెళ్లి చూస్తే ముప్ఫై ఆరు. మూడు ఖాళీ గళ్లు చూస్తే అమ్మ ఊరుకుంటుందా? తొందర అక్కడికక్కడే భాగహారం చేసి, ఆ హారాన్ని పుస్తకం మెడలో వేసింది. నాలుగు తొమ్మిదులు ముప్ఫై ఆరు. శేషం లేదు. అప్పుడు ఎంత ముచ్చటగా అనిపించిందో.

శేషం ఇప్పుడు రెండాకులేసుకుని బయటికొచ్చింది.

మేడమ్ లేచి, మోకాళ్లు దులుపుకుని, జీపు వైపు నడిచారు. అమ్మ వెనకే వెళ్లింది. నోరు విప్పితే అమ్మకు తెలిసిపోతుంది. విప్పకపోతే తాత తప్పైపోతాడు. తొందర అరచేతుల్లో పట్టిన చెమట రెయిన్‌గేజ్‌లో పోస్తే రెండు మిల్లీమీటర్లు ఉండేది.

జీపు స్టార్టయింది.

తొందర పరుగెత్తింది. ఆ పిల్ల తొందర ఒకరికి పనికొచ్చింది అదే మొదటిసారి. కిటికీ పట్టుకుని, ఊపిరి అందకుండానే చెప్పేసింది.

"మేడమ్, ఆ తొమ్మిదులు వాన చెప్పినవి కాదు. నేను రాసినవి."

ఇంజను ఆగింది. మిగతాది కూడా బయటికొచ్చింది, స్కిప్పింగుతో సహా. అమ్మ నీలం పుస్తకం తెరిచి ఆ నాలుగు గళ్లూ మళ్లీ చూసింది. తిట్టినా బాగుండుననిపించింది తొందరకు.

"రెండో రోజు సాయంత్రం మా రేకుల మీద వాన దంచికొట్టింది మేడమ్," అంది. "ముప్ఫై ఆరూ అప్పుడే పడుంటుంది. ఆ రోజుకి రాసేస్తాను, తాత లెక్క సరిపోతుంది."

మేడమ్ జీపు దిగారు. "పడుంటుంది సరే. గేజ్‌లో చూశావా, పాపా?"

తొందర తలుపు హ్యాండిల్ వైపు చూసింది. "చూడలేదు."

"అయితే అదే రాయి."

అమ్మ పెన్ను అందించింది. తొందర నాలుగు తొమ్మిదుల మీదా, కింద అంకె కనబడేలా, ఒక్కో గీత గీసింది. మూడు గళ్లలో 'చూడలేదు' అని రాసింది. నాలుగో గడిలో 'నాలుగు రోజులకూ కలిపి 36' అని రాసి, కింద తన అసలు పేరు పెట్టింది.

మేడమ్ పాత ఫొటో తీసేసి కొత్తది తీసుకున్నారు. తాత లెక్క జోలికి ఇక వెళ్లనన్నారు. కానీ ఏ రోజు ఎంత పడిందో తెలియదు కాబట్టి ఈసారి మొలకను కూడా లెక్కలోకి తీసుకోలేమన్నారు. అన్నేళ్లు నిద్రపోయి లేచినదాన్ని మళ్లీ పడుకోమన్నట్టుంది ఆ మాట. జీపు వెళ్లిపోయాక అమ్మ చాలాసేపు ఆ చదరం దగ్గరే కూర్చుంది. తొందర కొంచెం దూరంలో కూర్చుంది. కాసేపటికి అమ్మ కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది.

మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర. ఆకాశంలో దూదిపింజంత మబ్బు కూడా లేదు. వాన పడలేదని గుమ్మంలో నిలబడే రాసేయొచ్చు. వీధిలోంచి స్నేహితురాలు తాడు ఊపుతూ, ప్రాక్టీసుకు టైమైపోతోందే అని కేకేసింది.

"ఉండవే, వస్తున్నా," అంది తొందర.

కంచె గేటు తీసి, రెయిన్‌గేజ్ దగ్గర మోకాళ్ల మీద వంగింది. కళ్లు గొట్టానికి సమానంగా పెట్టి చూసింది. అడుగున ఒక చీమ తప్ప ఏమీ లేదు. చీమను బయటికి పంపి, గొట్టం బోర్లించి దులిపి, మళ్లీ చూసింది.

అప్పుడు పుస్తకం తెరిచి, నెమ్మదిగా, గుండ్రంగా, సున్నా చుట్టింది.