పెరటి తలుపు తాళం

పాలు కాచి, పిల్లల చాపలు దులిపి పరిచాక, అమ్మ మెడలోని తాళంచెవి తీసి పెరటి తలుపు దగ్గరికి నడిచింది. లైసెన్సు తనిఖీ ఉన్న ప్రతి రోజూ ఆమె చేసే పని అదే. తాళం తీసి పప్పుల డబ్బాలో దాస్తుంది. తనిఖీ అధికారిణి గేటు దాటగానే మళ్లీ వేసేస్తుంది.

కూతురు తలుపుకు అడ్డంగా నిలబడింది. ఇంట్లోనే నడిచే ఈ పిల్లల సంరక్షణ కేంద్రానికి లైసెన్సు ఆమె పేరు మీదే ఉంది.

"ఈసారి దాచొద్దమ్మా. ఉన్నది ఉన్నట్టే చూడనీ."

"పొద్దున్నే ఏం పట్టిందే నీకు? లైసెన్సు పోతే ఇద్దరం గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి."

"కూర్చుందాం."

అమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "వచ్చి పోయే మనిషి కోసం ఒక్క పూట తీస్తే పోయేదేముంది?"

"తలుపుకు తాళం ఉండకూడదన్న రూలు ఆవిడ కోసం కాదు."

మొన్నటి పొగ ఇంకా ఇద్దరి కళ్లలోనూ ఉంది. అమ్మ కూరగాయలకు వెళ్లినప్పుడు ముందు గదిలో స్విచ్చుబోర్డు కాలింది. కూతురు పిల్లల్ని పెరటి వైపు తోలుకొచ్చింది. తాళం. చెవి అమ్మ మెడలో, అమ్మ వీధి చివర. పక్కింటి వడ్రంగి మెయిన్ ఆపి, మూతికి తడిగుడ్డ కట్టుకుని లోపలికి వచ్చేదాకా పిల్లలు ఆమె కాళ్లు చుట్టేసుకుని దగ్గుతూనే ఉన్నారు.

"ఏమీ కాలేదుగా," అంది అమ్మ.

"కాలేదు కాబట్టి మాట్లాడుకుంటున్నాం."

అమ్మ గొంతు సన్నబడింది. "ఇదే తలుపు తీసి ఉంటే నీ తమ్ముడు రోడ్డు మీదికి వెళ్లిపోయాడు. ఇక తిరిగి రాలేదు. నువ్వు మర్చిపోయావేమో."

ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అది.

"మర్చిపోలేదు," అంది కూతురు. "తీసి ఉన్న తలుపు వాణ్ణి తీసుకుపోయింది. వేసి ఉన్న తలుపు మొన్న ఈ పిల్లలందరినీ తీసుకుపోయేది. వాళ్ల అమ్మలకు ఏం చెప్పేవాళ్లం?"

అమ్మ గోడకు ఆనుకుంది.

"పెరటికి గేటు పెట్టించాను. గడియ పైన ఉంది, పిల్లలకు అందదు. ఈ తలుపుకు గంట కట్టాను, కదిలితే చాలు మోగుతుంది. ఒక్కసారి తీసి చూడమ్మా."

అమ్మ తాళంచెవిని వేళ్ల మధ్య తిప్పింది. తర్వాత తాళం తీసింది. పప్పుల డబ్బా వైపు వెళ్లలేదు, కూతురి చేతిలో పెట్టింది.

"పాత ఇనుము వాడికి వేసెయ్. ఇన్నాళ్లూ ఇది ఇక్కడ ఉండేదని ఆవిడకు నేనే చెప్తాను. ఏం రాసుకుంటుందో రాసుకోనీ."

పిల్లలొచ్చారు. ప్రమాదం వస్తే పట్టుకుని బయటికి నడిచే ముడులు వేసిన తాడును, వాళ్లకు అలవాటు చేయడానికి కూతురు తీసింది. తలా ఒక ముడి పట్టుకున్నారు. అందరికంటే చిన్నది, బుడంకాయ, వెనక్కి తిరిగి చూసింది.

"అమ్మమ్మా, చివరి ముడి ఖాళీగా ఉంది. ఎవరిది?"

"నాదేలేవే. ముందు చూసి నడువు," అంది అమ్మ, ఆ ముడిని గట్టిగా పట్టుకుని.

తలుపు కదిలింది. గంట మోగింది. తమ్ముడు పోయాక ఎన్నడూ దాటని ఆ గడపను అమ్మ పిల్లల వెనకే దాటింది. ఆమె కళ్లు తుడుచుకోవడం కూతురు చూసింది, చూడనట్టే తాడు ముందుకు లాగింది.