జబ్బుకి లొంగని మంద

శాంపిళ్లు తీసుకెళ్తున్న కొరియర్‌ను కెనడాలోని సస్కచవాన్ హైవే మీద ఎవరో కాల్చి చంపారు. పెట్టెలోని గొట్టాలన్నీ తూటాలకు పగిలిపోయాయి.

రెజైనా ఆఫీసులో చీఫ్ బ్రాడ్‌షా ఏజెంట్ లెస్యా కోవాల్‌కు సంగతి క్లుప్తంగా చెప్పాడు. ఓరెస్ట్ పావ్లిక్ అనే రైతు పెంచుతున్న ఎల్క్ జింకలకు జబ్బు సోకింది. మెదడును తినేసి, ఒళ్లు శల్యం చేసి చంపే జబ్బు. మందు లేదు. అయినా వాటిలో కొన్ని, రోగిష్ఠివాటి మధ్యే ఏళ్లుగా మేస్తూ నిక్షేపంగా ఉన్నాయి. ఆ రహస్యం వాటి డీఎన్ఏలో ఉంది. దాన్ని కాజేసి ప్రపంచానికి అమ్ముకోవాలని ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. జబ్బు పాకకుండా రేపు ప్రభుత్వం మందనంతా చంపేస్తుంది. తర్వాత ఇక శాంపిళ్లు దొరకవు.

"వదిలేద్దాం లెస్యా. ఇంకొకర్ని పోగొట్టుకోలేను."

"పోయినవాడు నాకు పని నేర్పినవాడు సర్. ఆర్డర్ ఇస్తారా, లేకుండానే వెళ్లనా?"

బ్రాడ్‌షా ఆర్డర్ ఇచ్చాడు. మనవాళ్లను గుర్తుపట్టడానికి వాడే పాత కోడ్ మాట మార్చేశాడు.

లెస్యా పశువుల డాక్టరు అసిస్టెంట్ వేషంలో, రబ్బరు బూట్లతో ఫారానికి చేరింది. ముసలి పావ్లిక్ ఎల్క్‌లను ఒక్కొక్కటిగా ఇరుకు బోనులోకి తోలుతుంటే, ఆమె నంబరు బిళ్లలున్న వాటి చెవుల అంచున చిన్న ముక్క కత్తిరించి గొట్టంలో వేసింది. పని ముగిసేసరికి పక్కనున్న బీడులో ఒక చిన్న విమానం దిగింది. తెల్ల ఉన్నికోటు వేసుకున్న అందగత్తె నడిచి వచ్చింది. ల్యాబ్ నుంచి వచ్చిన డాక్టర్ మార్గో డెలీల్‌నని చెప్పుకుంది.

"ఈ ఏడు కనోలా పంట ముందే పూసింది," అంది నవ్వుతూ.

అది చనిపోయిన కొరియర్ దగ్గరున్న పాత కోడ్. లెస్యా ముఖం మారడం మార్గో చూసింది. మరుక్షణం మార్గో చేతిలోకి పిస్తోలు వచ్చింది. శాంపిళ్ల పెట్టె లాక్కుని, వెనక్కి నడుస్తూ విమానం ఎక్కింది.

పావ్లిక్ మంద ఉన్న కంచె గేటు దగ్గరికి పరిగెత్తాడు. ఆగమని, మార్గో కాలుస్తుందని లెస్యా అరిచింది.

"రేపు వీటిని చంపుతారు. ఇవాళ మాత్రం ఇవి నావేనమ్మాయ్," అని గడియ లాగేశాడు.

మంద ఒక్క ఉదుటున బీడంతా పరుచుకుంది. వేగం అందుకున్న విమానం పక్కకి మళ్లి, ముక్కు నేలకు గుచ్చుకుని ఆగింది. లెస్యా తలుపు పీకేసరికి మార్గో నుదుట రక్తం కారుతోంది. పిస్తోలు ఎక్కడో పడిపోయింది. గొట్టాల మూతలు తీసి, డీఎన్ఏను నాశనం చేసే బ్లీచ్ పోయబోతోంది ఆమె.

"మాకు దక్కనిది మీకూ దక్కదు."

సీసా వంగింది. లెస్యా దాని మూతికి అరచెయ్యి అడ్డం పెట్టింది. చర్మం భగ్గున మండింది. రెండో చేత్తో మార్గో మణికట్టు మెలితిప్పింది. గొట్టాల్లో ఒక్క చుక్కా పడలేదు.

సాయంత్రం బ్రాడ్‌షా ఫోన్ చేశాడు. ల్యాబ్ వాళ్లకు శాంపిళ్లు అందాయన్నాడు. విమానాన్ని ఆపిన బృందం పేర్లు పంపితే మెడల్స్‌కి సిఫారసు చేస్తానన్నాడు.

లెస్యా కంచె వైపు చూసింది. పావ్లిక్ చేతిలోంచి మేత అందుకుంటూ ఒక ఎల్క్ పోతు తీరిగ్గా నములుతోంది.

"పేర్లు లేవు సర్. చెవులకి నంబర్లున్నాయి, పంపమంటారా?"